ఇరవై మూడో బ్లేడు

బాపట్లలో సాయంత్రం గాలికి కొంచెం ఉప్పు వాసన ఉంటుంది. ఊళ్ళోంచి సముద్రం కనిపించదు గాని, ఎక్కడో దగ్గర్లోనే ఉందని ఒంటికి తెలుస్తుంది. ఆ గాలిలో మా సార్ కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి ముందుకు చాపి నిలబడి ఉండటం నాకు నిజంగా చూసినట్టు కాక, కల్లో చూసినట్టు గుర్తు.

అప్పుడు నేను మెకానికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఈపురుపాలెం నుంచి రోజూ వచ్చి పోయేదాన్ని. ఆ రోజు సార్ మమ్మల్ని ఎనిమిది మందిని ల్యాబ్ వెనక ఖాళీ జాగాలోకి తీసుకెళ్ళి, సమాన దూరాల్లో గుండ్రంగా నిలబెట్టారు. అందరూ ఒకే వేగంతో గుండ్రంగా నడవాలి. ఆయన ఎదుటికి వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరం ఆయన అరచేతిని తట్టి పోవాలి. మొదటి మనిషి మాత్రం రెండుసార్లు తట్టాలి, చుట్టు ఎక్కడ మొదలైందో ఆయనకు తెలియడానికి.

నవ్వుకుంటూ నడిచాం. నాలుగైదు చుట్లు తిరిగాక ఆయన కళ్ళు తెరవకుండానే అన్నారు.

“ఐదో మనిషి కుంటుతోంది. ఎవరమ్మా అది?”

అది నేనే. పొద్దున స్టేషన్లో చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుని ఈడ్చుకుంటూ తిరుగుతున్నాను.

“నా చెప్పు మీరు చూళ్ళేదు కదండి సార్?”

“చూడక్కర్లేదమ్మా. నువ్వు రావాల్సిన వేళకి రావట్లేదు. ఒకసారి ముందొస్తావు, ఒకసారి వెనకొస్తావు. మనిషిని పట్టి చూడకుండానే మనిషి తడబాటు దొరికిపోయింది.”

తర్వాత ఇంకో మాట కూడా అన్నారు. “మీరు ఎనిమిది మందీ ఒకేసారి ఆలస్యంగా వచ్చారనుకోండి. అప్పుడు మిమ్మల్ని అనుమానించను. నా లెక్కనే అనుమానిస్తాను.”

అందరం తలూపాం. నేను నోట్సులో రాసుకున్నాను కూడా. రాసుకున్నది గుర్తుండి తీరాలని ఏముంది?

ఆవిరి టర్బైన్‌లో బ్లేడ్ల వణుకు కొలవడం దాదాపు ఆ ఆటే. ఇరుసు మీద ఒక చక్రం, చక్రం చుట్టూ ఉక్కు బ్లేడ్లు. ఆవిరి తగిలితే చక్రం నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. తిరిగేటప్పుడు ప్రతి బ్లేడూ సన్నగా వణుకుతుంది. ఆ వణుకు హద్దు దాటితే ఏదో ఒక రోజు బ్లేడు మొదలంటా విరుగుతుంది. విరిగింది చక్రాన్ని వదిలి, పైనున్న ఇనప కేసింగ్‌నే చీల్చుకుని బయటికి రాగలదు. అంత వేగంతో తిరిగేదాన్ని చేత్తో పట్టి చూడలేం కదా. అందుకని కేసింగ్‌కు చిన్న రంధ్రాలు చేసి వేలెడంత సెన్సర్లు బిగిస్తారు. బ్లేడు కొస ఎదురుగా వెళ్ళినప్పుడల్లా సెన్సర్‌కు తెలుస్తుంది. కేసింగ్ బయట ఇరుసు మీద మెరిసే టేపు ముక్క ఒకటి అంటిస్తారు. దాని మీద పడిన కాంతి వెనక్కి తిరిగి వచ్చినప్పుడల్లా ఒక చుట్టు పూర్తయినట్టు. దాన్నిబట్టి ఏ బ్లేడు ఏ క్షణాన రావాలో లెక్క తేలుతుంది. నిజంగా ఏ క్షణాన వచ్చిందో సెన్సర్ చెబుతుంది. ఆ రెండింటి మధ్య తేడా వెంట్రుకంత కూడా ఉండదు. ఆ వెంట్రుకంతలోనే బ్లేడు ఆరోగ్యమంతా ఉంటుంది.

చదువయ్యాక మూడేళ్ళు అదే ఉద్యోగం చేశాను. తర్వాత పెళ్ళి, తెనాలి, పాప. ఉద్యోగం మానేశాను. మా ఆయన రేపల్లెలో గుమాస్తా. పొద్దున రైలుకు వెళ్ళి సాయంత్రం రైలుకు వస్తారు. ఇంట్లో పగలంతా అత్తయ్య, నేను, పాప. అత్తయ్య ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయింది. ఆవిడకు ఏదీ భయం కాదు. నాకు అన్నీ భయమే. గ్యాసు కట్టేసినా మళ్ళీ వెళ్ళి చూస్తాను. పాప మింగిన ఇడ్లీ ముక్క గొంతు దిగిందో లేదో చూస్తాను. పైన ఫ్యాను కొంచెం ఊగితే మంచం పక్కకు లాగుతాను. “నువ్వు భయపడనిదేమన్నా ఉంటే చెప్పవే, రాసుకుంటా” అంటారు మా ఆయన. ఇది రాస్తున్నప్పుడు కూడా, అందరూ నిద్రపోయాక, ఇప్పటికి రెండుసార్లు లేచి తలుపు గడియ చూసి వచ్చాను.

అలాంటి నాకు క్రితం ఏడాది వానాకాలం చివర్లో, పాపకు పద్నాలుగు నెలలప్పుడు, సార్ ఫోన్ చేశారు. ఆయన కాలేజీ నుంచి రిటైరై, ఇలాంటి కొలతల పనులు సొంతంగా చేస్తున్నారు. రేపల్లె దగ్గర ఊక కాల్చి కరెంటు చేసే చిన్న ప్లాంటు ఒకటుంది. వాళ్ళ టర్బైన్ వయసైపోతోంది. ఆఖరి వరుస బ్లేడ్ల మీద వాళ్ళకే అనుమానంగా ఉంది.

“సెన్సర్లు నేను బిగించి వస్తాను. రీడింగులు నీ ల్యాప్‌టాప్‌కే వస్తాయి. ఇంట్లో కూర్చుని చూడొచ్చు. గీతలు గియ్యడం కంప్యూటర్ చేస్తుంది. నువ్వు చెప్పాల్సింది చివర్లో ఒక్క మాట. ఆపాలా, తిప్పాలా. వాళ్ళు మనల్ని పిలిచేది ఆ ఒక్క మాట కోసమే.”

“నేను చెప్పగలనా సార్? ఇంత గ్యాప్ వచ్చాక...”

“అది నువ్వే తేల్చుకోవాలమ్మా. ఈ పని అయ్యేదాకా చూద్దాం. నీవల్ల కాలేదనుకో, ఇంకొకరిని చూసుకుంటాను. ఏమీ అనుకోవద్దు.”

ఆయన గొంతులో కోపం లేదు, ఓదార్పూ లేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాను. నా భయాలన్నిట్లో ఏది నిజమైన భయమో గుర్తుపట్టగలనా? ఆ ప్రశ్నకు జవాబు దొరికితేనే నాకు మళ్ళీ పని. దొరక్కపోతే, నేను ఆ పనికి పనికిరానని నాకే రుజువైపోతుంది.

మొదటి రెండు వారాలు బాగా గడిచాయి. మధ్యాహ్నం పాప నిద్రపోయాక ల్యాప్‌టాప్ తెరిచేదాన్ని. తెర మీద బ్లేడుకో గీత, ఒకదాని కింద ఒకటి, దాదాపు సమంగా, చివరిదాకా పారేవి. రైల్లోంచి చూస్తే పొలాల గట్లు ఒకదాని వెనకొకటి జారిపోతాయే, అలా. వీధిలో ఎవరో కుక్కర్ల రిపేరీ అని అరుస్తూ వెళ్ళేవాడు. కిటికీ పరదా మెల్లగా లోపలికి ఉబ్బి, వెనక్కి పోయేది. ఎక్కడో ముప్ఫై కిలోమీటర్ల అవతల అన్నన్ని ఉక్కు రెక్కలు తిరుగుతున్నాయి, ఇక్కడ నా పక్కన పాప నోరు కొంచెం తెరుచుకుని పడుకుంది. రెంటికీ మధ్య ఏ తీగా లేదు. అయినా ఆ గీతలు చూస్తుంటే, ఒంటి మీద చెయ్యి వేసి చూస్తున్నట్టే ఉండేది. ఒక్కోసారి కళ్ళు మూతలు పడి, గీతల మధ్య నేనే నడుస్తున్నట్టు అనిపించేది.

ప్లాంటులో మేస్త్రి గారు ఒకాయన ఉండేవారు. మాది తెనాలేనమ్మా, మసీదు వెనక వీధి అని పరిచయం చేసుకున్నారు. అరవై దాటిన సాయిబు గారు. ఆ టర్బైన్‌ను బిగించిన రోజు నుంచీ దానితోనే ఉన్నారు. ముఖం చూడలేదు గాని, గొంతు మాత్రం రోజూ వినేదాన్ని. బ్లేడ్లను ఆయన రెక్కలు అనేవారు.

“ఏం తల్లీ, మా రెక్కలు ఎలా ఉన్నాయి?”

“బానే ఉన్నాయండి.”

“ఉంటాయి. నేను రోజూ పలకరిస్తాగా.”

దసరా మర్నాడు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తెరిచాను. అన్ని గీతలూ వణుకుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, పై నుంచి కిందిదాకా, ఒకే తీరుగా, గాలికి ఊగే వరిచేనులా. టర్బైన్ పక్కన నిలబడి దాన్ని పలకరించే ఆ గొంతు గుర్తొచ్చింది. ఇంకేమీ ఆలోచించలేదు. సార్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేరుగా ప్లాంటు మేనేజరుకి చేశాను.

“ఆపెయ్యండి సార్, వెంటనే. బ్లేడ్లన్నీ వణుకుతున్నాయి. దగ్గర ఎవరూ ఉండొద్దు.”

ఆపారు. సాయంత్రానికి సార్ బాపట్ల నుంచి రేపల్లె చేరుకున్నారు. ఏడింటికి ఆయన ఫోన్ వచ్చింది. వెనక ఎవరివో నవ్వులు వినిపిస్తున్నాయి.

“ఏమ్మా, నిన్న ఇక్కడ ఆయుధ పూజ చేశారు. తెలుసా?”

“తెలీదు సార్.”

“ఇరుసుకి పసుపు రాసి బొట్లు పెట్టారు. మన మెరిసే టేపు మీద కూడా. పసుపు ఎండి పొడిపొడిగా రాలుతోంది. ఒక చుట్టులో టేపు కనిపిస్తుంది, ఇంకో చుట్టులో సగమే కనిపిస్తుంది. వణుకుతున్నది బ్లేడ్లు కాదమ్మా. మన లెక్క.”

మా ఇంట్లో ప్రార్థనలే గాని ఆయుధ పూజ లేదు. మిషన్లకు బొట్టు పెడతారని తెలుసు, కానీ ఆ బొట్టు మా టేపు మీదకు వస్తుందని తోచలేదు. అది నా తప్పు కాకపోవచ్చు. కానీ ఎనిమిది మందీ ఒకేసారి ఆలస్యమైతే ఎవరిని అనుమానించాలో నాకు ఇరవై ఏళ్ళ వయసులోనే చెప్పారు. గీతలన్నీ ఒకే తీరుగా ఊగుతున్నాయని నా కళ్ళతో నేనే చూశాను. అయినా భయపడ్డాను. చూసింది చదవలేదు.

మేస్త్రి గారు ఫోన్ తీసుకున్నారు. “నువ్వు బాధపడకు తల్లీ. కొబ్బరికాయ తెచ్చింది నేనే. పళ్ళెం పట్టుకుంది కూడా నేనే. కుర్రాళ్ళు బొట్టు పెడుతుంటే, అంచు దాకా పెట్టండ్రా అన్నది కూడా నేనే. సగం తప్పు నాది.”

“మిగతా సగం నాదేలెండి.”

“కాదు. అది ఆ టేపుది. మెరవమన్నారు గాని, పండగ పూట పక్కకు జరగమని దానికి ఎవరు చెప్పారు?”

నవ్వాననుకుంటాను. ఫోన్ పెట్టాక నవ్వు లేదు.

టేపు తుడిచి మళ్ళీ తిప్పారు. మర్నాడు మధ్యాహ్నం గీతలన్నీ మళ్ళీ సమంగా పారుతున్నాయి. ఒకటి తప్ప. పై నుంచి ఇరవై మూడోది. పెద్దగా ఏమీ కాదు. మిగతావాటి కంటే కాస్త ఎక్కువగా, అదీ కరెంటు లోడు పెరిగినప్పుడే, ముందుకీ వెనక్కీ ఊగుతోంది. ఊగుతోందా? గదిలో ఫ్యాను ఆపి చూశాను, గీత మీద ఫ్యాను నీడ పడుతుందేమోనని. పాత రీడింగులు తీసి పక్కన పెట్టాను. పోయిన వారం ఇంత లేదు. అంతకు ముందు వారం ఇంకా తక్కువ.

నేను ఎవరికీ చెప్పలేదు.

ఇది రాయడం నాకు కష్టంగా ఉంది గాని, రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు. ఒక పూట గడిచింది. రాత్రి గడిచింది. మర్నాడు పొద్దున్న కూడా చెప్పలేదు. నిన్న కాక మొన్న అరిచి ఆపించినదాన్ని. మళ్ళీ ఫోన్ చేస్తే ఏమంటారో నాకు తెలుసు. అసలు ఇది బ్లేడు వణుకా, నా వణుకా? గ్యాసు కట్టేశాక కూడా వంటింట్లోకి వెళ్ళేది నేనే కదా. అలాంటి కళ్ళతో చూసిన గీతను ఎలా నమ్మను? పాపకు అన్నం పెడుతున్నాను, బట్టలు ఆరేస్తున్నాను, లోపల మాత్రం ఆ గీత ఊగుతూనే ఉంది. మేస్త్రి గారు ఫోన్ చేసి ఎలా ఉన్నాయి తల్లీ అంటే, చూస్తున్నానండి అన్నాను. బానే ఉన్నాయనలేదు. అంతవరకే నా నిజాయితీ.

ఆ మధ్యాహ్నం అత్తయ్య పాపను చంకనేసుకుని నా వెనక నిలబడింది.

“ఏంటమ్మాయ్, నిన్నట్నుంచి మెతుకు సరిగ్గా ముట్టట్లేదు?”

“ఏం లేదత్తయ్యా.”

“ఏం లేకపోతే ఆ డబ్బా వంక అలా చూస్తావేంటి?” వంగి తెర చూసింది. కళ్ళజోడు సర్దుకుంది. “ఇవేంటి, అన్నీ తిన్నగా ఉన్నాయి, ఈ ఒక్కటేంటి జ్వరం చార్టులా ఉంది?”

నేను తిరిగి ఆవిడ ముఖంలోకి చూశాను. “మీకూ కనిపిస్తోందా?”

“నాకు కళ్ళు పోయాయనుకున్నావా?”

చెప్పేశాను. బొట్టు సంగతి ఆవిడకు తెలుసు. ఈ ఒక్క గీత సంగతి, ఒక రోజంతా దాచిన సంగతి చెప్పాను. ఆవిడ పాపను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

“పిల్లల వార్డులో నైట్ డ్యూటీ చేసేటప్పుడు ఒక పద్ధతి ఉండేది మాకు. పిల్లలందరూ ఒకేసారి ఏడుపు అందుకుంటే కంగారు పడేవాళ్ళం కాదు. కరెంటు పోయిందనో, దోమలు లేచాయనో అర్థం. ఒక్కళ్ళే ఏడిస్తే మాత్రం, టీ తాగుతున్నా సరే, వదిలేసి లేవాల్సిందే. అది రోజూ ఏడ్చే పిల్లయినా సరే.”

“మళ్ళీ తప్పయితే అత్తయ్యా?”

“అయితే అవుద్ది. మంచం దాకా వెళ్ళి రావడానికి నాకేం కాళ్ళరిగిపోయాయా? వెళ్ళనందుకు అరిగేది వేరే.” ఆ మాట ఎక్కడికో చూస్తూ అంది. ఏ పిల్ల మంచమో నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

మేనేజరుకి ఫోన్ చేశాను. ఈసారి నిలబడి, కాగితం మీద రాసుకుని చేశాను.

“ఏంటమ్మా,” అన్నారాయన. “ఈసారి కుంకుమా, గంధమా?”

“కాదండి. ఈసారి ఒకటేనండి. ఇరవై మూడో బ్లేడు. మూడు వారాలుగా పెరుగుతోంది. లోడు పెంచినప్పుడు ఎక్కువవుతోంది. మిగతావన్నీ బానే ఉన్నాయి.”

“చూడండమ్మా, ఊక లారీలు గేటు బయటి దాకా ఉన్నాయి. వచ్చేవారం ఆపితే కాదా?”

“ఇవాళే ఆపాలండి. చూడటానికి తెరవాలి కూడా.”

“తెరవాలా? సార్‌తో ఒక మాట అనిపించండి.”

పది నిమిషాల్లో సార్ నాకు ఫోన్ చేశారు. “మేనేజరు అడిగాడమ్మా. ఆ అమ్మాయి ఏమంటే అదే అన్నాను. రీడింగులు నేను ఇంకా చూళ్ళేదు.”

“చూడండి సార్, ఒక్కసారి.”

“చూస్తాను, తెరిచాక,” అని పెట్టేశారు.

టర్బైన్ చల్లారడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున మా ఆయనతో పాటు రైలెక్కాను. పాపను వదిలి ఊరు దాటడం అదే మొదటిసారి. మంచు ఇంకా విడలేదు. జంపని, వేమూరు... స్టేషన్లు ఒక్కోటి తెల్లగా వచ్చి తెల్లగా పోతున్నాయి. వరి పొట్ట మీదుంది. చేల మధ్య కాలవ ఒకటి రైలుతో పాటే కొంత దూరం వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు పక్కకు తిరిగి వెళ్ళిపోయింది. ఎదురు సీట్లో ఒకావిడ పూల బుట్ట ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది. బుట్ట ఊగినప్పుడల్లా ఒకటో రెండో చామంతులు నా కాళ్ళ దగ్గర పడుతున్నాయి. నేను తీసి మళ్ళీ బుట్టలో వేస్తున్నాను. భట్టిప్రోలు దాటేవరకూ అదే పని. ఇంటికి ఫోన్ చెయ్యలేదు. చెయ్యకుండా ఉండగలిగినందుకు ఆశ్చర్యంగా ఉంది. “ఏంటి, ఏం మాట్లాడవు?” అన్నారు మా ఆయన. “భయంగా ఉంది” అన్నాను. “అది తెలుసు. ఇంకేమన్నా ఉంటే చెప్పు” అన్నారు. ఇద్దరం నవ్వాం.

ప్లాంటు చుట్టుపక్కల చెట్ల ఆకులన్నీ ఊక బూడిదతో నల్లగా ఉన్నాయి. లోపల కేసింగ్ పై సగం ఎత్తి పక్కన దిమ్మెల మీద పెట్టారు. అంత దాకా గీతలుగానే చూసిన బ్లేడ్లను మొదటిసారి ముఖాముఖి చూశాను. నా చేతి పొడుగు కూడా లేవు. గోధుమ రంగు తిరిగి, కొసల దగ్గర సన్నగా, మెలి తిరిగి, ఒకదాని భుజం మీదుగా ఇంకోటి తొంగి చూస్తున్నట్టు ఉన్నాయి. వాటన్నిటినీ కలుపుతూ మధ్యలో సన్నని తీగ ఒకటి గుండ్రంగా దూరి పోతోంది. ఎవరికి వారే ఊగిపోకుండా బ్లేడ్లను కలిపి పట్టుకునే తీగ అది.

తెల్ల గడ్డం, లుంగీ మీద ఖాకీ చొక్కా. గొంతు వినగానే మేస్త్రి గారని గుర్తుపట్టాను.

“నువ్వేనా తల్లీ? ఫోన్లో పెద్దదానివనుకున్నా. రా, నీ రెక్కను చూద్దువుగాని.”

టేపు దగ్గర్నుంచి లెక్కపెట్టి ఇరవై మూడో దాని మీద సుద్దముక్కతో గీత పెట్టారు. చేతిలో చిన్న ఇత్తడి సుత్తి ఉంది. ఆయన పద్ధతి ఆయనది. ముందు పక్కవాటిని కొట్టారు. టింగుమని సన్నగా, చాలాసేపు పలికాయి. పగులుంటే అలా పలకదు, డొక్కుగా ఆగిపోతుంది. తర్వాత నా బ్లేడును కొట్టారు.

టింగుమని అదీ పలికింది.

మళ్ళీ కొట్టారు. అదే పలుకు. మేనేజరు, అక్కడే నిలబడి ఉన్న మా సార్ వంక చూశారు. సార్ నా వంక చూళ్ళేదు. అప్పుడు నా కాళ్ళ కింద నేల ఎక్కడికో వెళ్ళిపోయి, నేను ఆ బూడిద వాసనలో తేలుతున్నట్టు అనిపించింది. పక్కనెవరో మాట్లాడుతున్నారు, ఏదీ వినపడటం లేదు. పాప ఈపాటికి నిద్ర లేచి ఉంటుందనుకున్నాను. ఇక ఇంటికి వెళ్ళి ఉండిపోవచ్చు అనుకున్నాను. దుఃఖం లేదు. ఏదో తెప్ప తాడు విప్పేసినట్టు ఉంది.

“పలుకు బానే ఉందమ్మా,” అన్నారు మేస్త్రి గారు, జాలిగా.

“పగులని నేననలేదండి,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. “వణుకుతోందనే అన్నాను.”

ఆయన సుత్తి కింద పెట్టారు. జేబులోంచి గుడ్డ తీసి ఆ తీగను తుడిచి, బొటనవేలి గోరు దాని మీద పెట్టి, ఇరవై రెండు నుంచి ఇరవై మూడుకు మెల్లగా నడిపించారు. గోరు ఒక చోట ఆగింది. వెనక్కి తెచ్చి మళ్ళీ నడిపించారు. మళ్ళీ అక్కడే ఆగింది.

“ఏయ్ లైటు తేండ్రా!”

తీగను బ్లేడుకు కలిపిన అతుకు కింద, పైకి కనిపించకుండా, తీగ తెగి ఉంది. బ్లేడు గట్టిదే. దాన్ని పక్కదానితో పట్టి ఉంచే తీగ తెగి, అది ఒంటరిగా ఊగుతోంది. అలా ఇంకెన్నాళ్ళు ఊగేదో ఎవరూ చెప్పలేరు.

మేస్త్రి గారు నా చెయ్యి పట్టుకుని, నా వేలిని ఆ చోట పెట్టించారు. చాలా చిన్న మెట్టు. వెంట్రుక కంటే కొంచెం ఎక్కువ. “రోజూ పలకరిస్తానన్నా కదా తల్లీ,” అన్నారు. “ఇది నాకు చెప్పలేదు చూశావా.”

మేనేజరు దగ్గి, అందరికీ టీ చెప్పమన్నారు.

బయటి నుంచి మనిషిని పిలిపించి తీగ మార్చి, వెండి అతుకు వేయించి, మూసి, మళ్ళీ తిప్పడానికి వారం పైన పట్టింది. నేను అంతా అయిపోయిందనే అనుకున్నాను. తిప్పే రోజు కూడా రావాలమ్మా అన్నారు సార్. వెళ్ళాను.

ఆ రోజు మేస్త్రి గారు చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చారు. టర్బైన్‌కు కొంచెం దూరంగా ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో ల్యాప్‌టాప్‌తో కూర్చున్నాను. మెల్లగా మొదలుపెట్టి పూర్తి వేగానికి తెచ్చారు. ఇంకా లోడు ఎక్కించలేదు. ఎక్కించాలంటే నేను ఊ అనాలి. గీతలన్నీ సమంగా ఉన్నాయి. ఇరవై మూడోది మిగతావాటితో కలిసిపోయి, వెతికితే గాని దొరకడం లేదు.

“ఏమంటారమ్మా?” అన్నారు మేనేజరు. ఈసారి వెటకారం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆపమనడం నాకు వచ్చు. భయపడేవాళ్ళకు అది పుట్టుకతో వస్తుంది. తిప్పండి అని ఎప్పుడూ అనలేదు. ఆ మాట అన్నాక ఏ బ్లేడు విరిగినా అది నా మాట మీద విరిగినట్టు. ఆ ఇనప పెట్టె పక్కన ఆ ముసలాయన నిలబడి ఉన్నారు, చెవుల్లో దూది కూడా లేకుండా.

“ఇంకో గంట చూస్తానండి,” అన్నాను.

ఆ గంట ఎలా గడిచిందో సరిగా గుర్తులేదు. నేల సన్నగా అదురుతూ ఉంది, ఆ అదురు చెప్పుల్లోంచి మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోతోంది. పైన రేకుల సందుల్లోంచి ఎండ చారలుగా పడి, ఊక దుమ్ము అందులో బంగారు పొడిలా లేస్తోంది. గీతలు పోతూనే ఉన్నాయి. ఒక్కొక్కటీ మళ్ళీ చూశాను. టేపు మీద ఏమీ లేదని వెళ్ళి చూసి వచ్చాను. పాత రీడింగులు పక్కన పెట్టి చూశాను. ఇంకేం చూడాలా అని వెతికాను. చూడాల్సినవి అయిపోయాయి. భయం మాత్రం అలాగే ఉంది. అప్పుడు నెమ్మదిగా అర్థమైంది, అది అయిపోయేది కాదని. గీతల్లో ఉన్నంతవరకు చూశాను. మిగిలింది నాది. దాన్ని ఒళ్ళో పెట్టుకునే చెప్పాలి.

గంట తర్వాత మేనేజరు మళ్ళీ వచ్చారు. “సార్‌ని ఒకసారి అడుగుదామా?”

చుట్టూ చూశాను. సార్ లేరు. గేటు దగ్గర టీ కొట్టు బెంచీ మీద, ఇటు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు.

“అక్కర్లేదండి,” అన్నాను. “తిప్పండి.”

“రాసిస్తారా?”

“రాసిస్తానండి.”

ఆయన జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు. ఒళ్ళో ల్యాప్‌టాప్ మూసి, దాని మీద కాగితం పెట్టి రాశాను. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి, కానీ చదవొచ్చు. కింద సంతకం పెట్టాను. మేస్త్రి గారు కంట్రోల్ రూము వైపు తిరిగి చెయ్యి పైకెత్తారు. లోపలెక్కడో వాల్వు తెరుచుకుంది. నేల అదురు మోకాళ్ళు దాటి నడుము దాకా వచ్చింది.